ఎండలు, వానలు నిజంగనే ముదిరినయా, వార్తలే ఎక్కువైనయా? 31 ఏండ్లు పంట నష్టం రాసినోడిగ నా జవాబు

కల్వకుర్తి దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "కరువులు, వరదలు ఎప్పుడూ ఉన్నయే అంటడు మా నాయిన. టీవీ పెడితే దేశం మొత్తం మునుగుతున్నట్టు, మాడిపోతున్నట్టు చెప్తరు. లెక్కల ప్రకారం నష్టం నిజంగ పెరుగుతుందా? మాకు ఆరెకరాలుంది, మొత్తం పత్తే పెడ్తం, మేం ఏం చెయ్యాలె?"

తమ్మీ, నేను 1989ల వ్యవసాయ శాఖల చేరి 2020ల రిటైర్ అయిన. ఆ 31 ఏండ్లు పాలమూరు, నల్లగొండ జిల్లాలల్లనే అలంపూర్ నుంచి దేవరకొండ దాక తిరిగిన, అన్నిటికన్న ఎక్కువ చేసిన పని పంట నష్టం రాసుడే. కరువొస్తే రాసిన, వరదొస్తే రాసిన, రాళ్లవాన పడితే తెల్లారేసరికి బండేసుకొని పోయి రాసిన. ఇప్పుడు మా ఊళ్ల నాలుగెకరాలు వరి చేస్తున్న, అంటే రాసే దిక్కు, రాయించుకునే దిక్కు రెండూ చూసిన. మీ నాయిన మాటల నిజముంది, టీవీవాళ్ల మాటల కూడ నిజముంది, కాని అసలు మారిందేందో ఇద్దరూ చెప్తలేరు. ఒక దెబ్బకు ఇంకో దెబ్బకు నడుమ మనిషికి కోలుకోనీకె దొరికే గడువు తగ్గిపోయింది. నా జవాబు ఇదే, కింద రాసేదంత దీని వివరమే.

ముందు మీ నాయిన దిక్కు మాట్లాడ్త. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ల 15 వేల మంది దాక పోయిన్రంటరు, ఆ దెబ్బకే విశ్వేశ్వరయ్యను పిలిపించుకున్నరు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అట్ల వచ్చినయే. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనల 10 వేల పైన పోయిన్రు. 1999ల ఒడిశా సూపర్ సైక్లోన్‌ల మల్ల 10 వేల దాక. ఆ తర్వాత అదే ఒడిశాకు 2013ల ఫైలిన్ వచ్చింది, పది లక్షల మందిని ముందే తరలించిన్రు, చనిపోయినోళ్లు యాభై మంది లోపలే. 2019ల ఫణి వచ్చినప్పుడు 12 లక్షల మందిని లేపి తీస్కపోయిన్రు, 64 మంది పోయిన్రు. తుఫాను బలం తగ్గలే, దాన్ని నాలుగు రోజుల ముందు పసిగట్టుడు, ఊళ్లు ఖాళీ చేయించుడు మనకు వచ్చింది. ఇది చిన్న పని కాదు, ఇంత మంది పానాలు కాపాడుకున్న సంగతి ఎవ్వరూ గట్టిగ చెప్పరు. కాబట్టి ఒక్క రోజుల వేల మంది చచ్చిపోయే కాలం మీ నాయిన చిన్నప్పుడే ఉండె అంటే ఒప్పుకోవాల్సిందే.

మరి పెరిగిందేంది? ఢిల్లీల సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ ఏటా లెక్క తీస్తది, దేశంల ఏదో ఒక మూలన విపరీతమైన వాతావరణం ఉన్న రోజులు 2022ల 314, 2023ల 318, 2024ల 322. 2024 ఒక్క ఏడాదిల 3,472 మంది చనిపోయిన్రు, 40 లక్షల హెక్టార్ల పైన పంట దెబ్బతిన్నది. అయితే ఇంత పెద్ద దేశంల ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఉండనే ఉంటది, మూడేండ్ల అంకెలు పట్టుకొని నేను పెద్ద మాట అనను. నాకు గట్టిగ అనిపించింది పుణెల ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, ఆయన తోటోళ్లు 2017ల అచ్చేసిన పరిశోధన. మధ్య భారతంల 1950 నుంచి 2015 దాక పడ్డ వానలు చూసిన్రు, మొత్తం వాన తగ్గుతూ వచ్చింది, కాని పెద్ద విస్తీర్ణంల ఒక్కసారి కుమ్మరించే అతి భారీ వానలు మూడింతలైనయ్. అరవై ఐదేండ్ల లెక్క అది, వార్తలు ఎక్కువై అట్ల కనబడింది కాదు.

ఎందుకట్ల అంటే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటది. సంచి పెద్దగైనట్టు అన్నమాట, నిండనీకె ఎక్కువ రోజులు తీసుకుంటది, ఒలికినప్పుడు మొత్తం ఒకేసారి ఒలుకుతది. 1901 నుంచి ఉన్న రికార్డులల్ల మన దేశానికి అన్నిటికన్న వేడి ఏడాది 2024. మా చిన్నప్పుడు ముసురు పట్టిందంటే వారం దినాలు సూర్యుడు కనబడకపోయేది, గోడలు నానేటియి, ఎడ్లు కొట్టంల నుంచి బయటికి రాకపోయేటియి, ఆ సన్న వానకు చెల్క భూమి బుక్కెడు బుక్కెడు తాగేది. ఇప్పుడు ముసురు అనే మాట పిల్లలకు తెల్వకుంట అయింది. పాలమూరు చెల్క సంగతి నీకు తెల్సు, రెండు వారాలు వరుపొస్తే పత్తి మధ్యాహ్నానికి ఆకు వాలేస్తది, అట్లనే ఒక్క రాత్రి పది సెంటీమీటర్లు పడితే నేల తాగేది కొంతే, మిగిలింది పైమన్ను తీస్కొని వాగుల పడ్తది. రెయిన్‌గేజ్ లెక్కల మాత్రం అంత బాగనే ఉంటది, పాలమూరుకు ఏడాదికి 600 మిల్లీమీటర్ల చిల్లర పడాలె, పడ్డది, సాధారణ వర్షపాతం అని రిపోర్టు పోతది. పంట నడుమల ఎండి ఆఖరుల మురిగింది, సగటుల అది యాడ కనబడ్తది చెప్పు.

2009 సంగతి చెప్త. ఆ ఏడు వానాకాలం దేశం మొత్తం మీద 22 శాతం లోటు, 1972 తర్వాత అంత లోటు ఎరుగం. ఆగస్టుల నేను కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మండలాలల్ల తిరిగి కంది పోయింది, ఆముదం పోయింది, వేరుశనగ ఊడలు దిగలే అని కరువు రిపోర్టులు రాస్తున్న. సెప్టెంబర్ ఆఖరుకు తుంగభద్ర, కృష్ణ మీద కర్ణాటకల వాన మొదలైంది. అక్టోబర్ 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, ఆ డ్యాం అంత వరదకు కట్టింది కానే కాదు. అవతల కర్నూలు మునిగింది, ఇవతల అలంపూర్, రాజోలి మునిగినయ్. నీళ్లు తీసినంక మేం రాజోలికి పోయినం. అది మగ్గాల ఊరు, ఇంటింట్ల గుంత మగ్గం ఉంటది, ఆ గుంతలన్నీ అంచుదాక ఒండ్రు మట్టితోటి నిండిపోయినయ్, ఒకాయన ఆ మట్టిల మోకాలు దాక దిగి పడుగు పోగులు చేతులతోటి తీస్తుండు, పట్టు దారం మట్టి రంగుకు తిరిగి ముద్ద కట్టింది, అండ్ల జరీ ఒక్కటే అక్కడక్కడ మెరుస్తుంది. నా చేతుల ఫారాలు చూసి, "సారూ, మగ్గం ఏ గడిల రాస్తరు?" అని అడిగిండు. నా ఫారంల వరి ఉంది, పత్తి, మిరప, వేరుశనగ ఉన్నయ్. మగ్గానికి గడి లేదు, అది చేనేతోళ్లొచ్చి వేరే రాస్తరన్న. ఆఫీసుకొచ్చి ఫైల్ కుడుతుంటే కింద ఆగస్టు కరువు రిపోర్టు, పైన అక్టోబర్ వరద రిపోర్టు, కొన్ని సర్వే నంబర్లు రెండిట్ల ఉన్నయ్. ఆ సర్వే నంబర్ల రైతులకు ఆ ఏడు రెండు నెలల గడువు కూడ దొరకలే.

అప్పట్ల దాన్ని వింతగ చెప్పుకున్నం. తర్వాత చూడు. 2014ల రుతుపవనాలు 12 శాతం లోటు, 2015ల మల్ల 14 శాతం లోటు, రెండేండ్లు వరుసబెట్టి. 2015ల రాష్ట్రం 231 మండలాలను కరువు మండలాలని ప్రకటించింది, అండ్ల 64 పాత పాలమూరువి, అంటే జిల్లా మొత్తం, నల్లగొండవి 22. 2016 ఎండాకాలం చండూరు, నాంపల్లి, గుర్రంపోడు దిక్కు బత్తాయి తోటలకు ట్యాంకర్లు పెట్టి నీళ్లు పోసిన్రు, అప్పు తెచ్చి పోసిన్రు, వెయ్యి ఫీట్ల బోరు కూడ దుమ్ము లేపింది. వరి పోతే ఒక పంట పోయినట్టు. బత్తాయి మొక్కను కాపుకు తేవాలంటే ఐదారేండ్లు సాకాలె, తర్వాత పదిహేనేండ్లు అన్నం పెడ్తది, అసొంటి చెట్టు ఒక్క ఎండాకాలం ఎండితే నరికి కట్టెలకు అమ్ముకున్నరు. ఆ రైతులల్ల కొంతమంది మల్ల తోట మాటే ఎత్తలే.

2023 ఒక్క ఏడాదిని నెలవారీగ చూస్తే ఇంకా తెలుస్తది. మార్చిల రాళ్లవానలు, మామిడి, మక్క, వరి పోయినయ్, ఎకరాకు పదివేలు ఇస్తమని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించిండు. జులై 26, 27ల నడుమ 24 గంటలల్ల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, రాష్ట్రంల అంతకు ముందు అంత వాన రికార్డు కాలే. మన పాలమూరుకు ఏడాది మొత్తం పడాల్సిన వాన వాళ్లకు ఒక్క రోజుల పడ్డదన్నట్టు. తర్వాతి నెల ఆగస్టు 1901 సంది చూస్తే దేశంల అన్నిటికన్న ఎండిన ఆగస్టు, 36 శాతం లోటు. మఖ, పుబ్బలు వరుపైతే మహా కరువని పెద్దలు ఊకే అనలే, మఖ కార్తె వచ్చేది ఆగస్టులనే. ఆ ఏడు కృష్ణకు వరద రాలే, సాగర్ నిండలే, యాసంగికి ఎడమ కాలువ కింద వరికి నీళ్లియ్యలే, మిర్యాలగూడ, హాలియా దిక్కు భూములు బీడు పెట్టుకున్నరు. మల్ల 2024 సెప్టెంబర్ 1న అదే ఎడమ కాలువ నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర తెగి పొలాలు మునిగినయ్, కోదాడల కార్లు కొట్టుకపోయినయ్. ముందటి యాసంగికి సుక్క నీళ్లు ఇయ్యని కాలువ ఆ వానాకాలం తెగి పొలాల మీద పడ్డది. నడుమ గడువు నెలలకు వచ్చింది చూడు.

దేశం దిక్కు చూసినా ఇదే తీరు. కేరళ 2018 వరదల నుంచి తేరుకోకముందే 2024 జులై 30న వయనాడ్‌ల కొండ విరిగి మూడు వందల మంది దాక పోయిన్రు. 2022 మార్చి 1901 సంది అన్నిటికన్న వేడి మార్చి, పంజాబ్‌ల పాలు పోసుకునే గోధుమ గింజ ముడుచుకపోయింది, మే నెలల కేంద్రం గోధుమ ఎగుమతే ఆపింది. అదే పంజాబ్‌ల 2025 ఆగస్టుల 1988 తర్వాత ఎరుగని వరద.

ఇగ మొన్నటి సంగతి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను కోస్తాల తీరం దాటింది. సముద్రం మా ఊరికి మూడు వందల కిలోమీటర్లు, అయినా 29న దేవరకొండ, అచ్చంపేట దిక్కు కుమ్మరించింది, డిండి పొంగి శ్రీశైలం రోడ్డు దెబ్బతిన్నది. అప్పుడు మా ఊళ్ల సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌ల నా వడ్లు ఆరబోసి ఉన్నయ్, కొనాలంటే తేమ 17 శాతం లోపల ఉండాలె, నాలుగు రోజుల సంది కాళ్లతోటి తిప్పుతున్న. నా పక్క రాశి మూడెకరాలు కౌలుకు చేసే ఒక ఆడామెది, భర్త లేడు, కొడుకు హైదరాబాద్‌ల. ఆమె కిరాయికి తెచ్చిన టార్పాలిన్ పట్టాలు మూడు. రాత్రి రెండింటికి గాలి లేస్తే ఒక పట్టా ఎగిరిపోయింది, ఇంకోటి ఎగరకుంట ఆమె దాని మీద బోర్ల పండుకుంది, నేను పోయి రాళ్లు పెట్టిన. పైన వాన ఆపినంగాని కింది నుంచి నీళ్లు వచ్చినయ్, ఆ జాగకు సిమెంటు గచ్చు లేదు, రాశి అడుగు మొత్తం నానింది. తెల్లారినంక ఆమె కొబ్బరి చీపురుతోటి నీళ్లు ఊడుస్తనే ఉంది. రెండో రోజు రాశిల చెయ్యి పెడితే లోపల వేడి, పులిసిన వాసన. నాలుగో రోజుకు అడుగున గింజ గింజకు తెల్లటి మొలక. ఆ వడ్లు పొలంల లేవు కాబట్టి పంట నష్టం కిందికి రాలే, కాంటా కాలే కాబట్టి సర్కారువి కూడ కావు. ఆఖరుకు బాగున్నకాడికి తరుగు తీసి కొన్నరు, అడుగుది బర్లకు పోసింది. 31 ఏండ్లు ఫారాలు నింపిన, కల్లంల తడిసిన రాశికి వాటిల్ల గడి చూడలే. రాజోలి మగ్గానికి లేనట్టే.

పత్తి సంగతి కూడ అంతే, పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాక కోసి ఇస్తది, 12 దాటితే వాపసు. 2025-26ల మద్దతు ధర క్వింటాలుకు 8,110 ఉన్నా తడిసిన పత్తి పట్టుకొని ఎంతమంది బయట అగ్గువకు అమ్ముకున్నరో మీ ఇంట్లనే తెలిసుంటది.

ఎండ గురించి ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే లెక్కకు రాని నష్టం అన్నిటికన్న ఎక్కువ ఉన్నది అండ్లనే. 2015 మే నెలల దేశంల వడదెబ్బకు రెండు వేల పైన చనిపోయిన్రు, ఎక్కువ మంది ఆంధ్ర, తెలంగాణోళ్లే. ఆ మే నెలల నల్లగొండ జిల్లాల ఒక ఊళ్ల కరువు పనికి పోయొచ్చిన ఒకామె, నలభై ఏండ్లుంటయేమో, పగటికి ఇంటికొచ్చి నెత్తి నొస్తుందని అన్నం తినకుంట పండుకుంది. రేకుల ఇల్లు. పొద్దుగూకి లేపితే లేవలే. చెమట లేకుంట ఒళ్లు పొయ్యిలెక్క కాలుతుందని ఆమె బిడ్డ తర్వాత నాతోటి చెప్పింది. ఆ రాత్రే మట్టి చేసిన్రు, ఎవరికీ పోస్టుమార్టం ఆలోచన రాలే, ఆ దుఃఖంల ఎట్ల వస్తది. రెండు నెలలైనంక కొడుకు దరఖాస్తు పట్టుకొని తిరిగిండు. వడదెబ్బ అని రాయాలంటే తాసిల్దారు, డాక్టరు, ఎస్సై ముగ్గురు కలిసి తేల్చాలె, శవపరీక్ష లేకుంటే దేన్ని చూసి సంతకం పెట్టాలె అన్నరు. రైతుబీమా అప్పటికి లేదు, 2018ల వచ్చింది, వచ్చినా పాస్‌బుక్ ఉన్నోళ్లకే 5 లక్షలు, కూలికి పోయేటోళ్లకు అండ్ల జాగ లేదు. ఆమె పేరు ఏ లెక్కల లేదు.

అందుకే కేంద్రం నేర రికార్డుల బ్యూరో లెక్కల 2022ల దేశం మొత్తం వడదెబ్బ చావులు 730 అని చదివితే నాకు నమ్మబుద్ధి కాదు. 2010 మే నెలల అహ్మదాబాద్‌ల ఎండ 46.8 దాక పోయింది, తర్వాత పరిశోధకులు ఆ నెల చావులన్నీ మామూలు మే నెలలతోటి పోల్చి చూస్తే 1,344 మంది ఎక్కువ పోయినట్టు తేలింది, అది ఒక్క ఊరు, ఒక్క నెల. గుండె ఆగిందని, కిడ్నీ పోయిందని రాసినవాటిల్ల ఎండ దాక్కొని ఉంటది. ఆ లెక్క బయటికొచ్చినంకనే 2013ల ఆ నగరం ఎండల కోసం ముందస్తు ప్రణాళిక పెట్టుకుంది, దేశంల అదే మొదటిది. లెక్క తీస్తేనే పని జరుగుతదనటానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది. మన రాష్ట్రంల కూడ 2025 ఏప్రిల్‌ల వడదెబ్బను రాష్ట్ర విపత్తు కింద ప్రకటించి సాయం 50 వేల నుంచి 4 లక్షలకు పెంచిన్రు, మంచి పని. కాని కాగితం లేకుంటే ఆ 4 లక్షలు కూడ రావు, కాబట్టి ఎండకు ఎవరన్న పోతే ఎంత దుఃఖంల ఉన్నా ముందు సర్కారు దవాఖానకు తీస్కపోవాలె, ఈ మాట మీ ఊళ్ల పదిమందికి చెప్పు.

చావులు పక్కన పెట్టినా పని పోయిన లెక్క ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019ల చెప్పింది, 2030 నాటికి ఎండ వల్ల మన దేశంల 5.8 శాతం పని గంటలు పోతయట, 3 కోట్ల 40 లక్షల పూర్తి ఉద్యోగాలు పోయినంత. మన దిక్కు దాని అర్థమేందంటే పొద్దున ఐదింటికి పనికి దిగి పది లోపల ఎల్లుడు, సగం కూలి. వాతావరణ శాఖ లెక్కల మైదాన ప్రాంతంల 40 దాటి, మామూలు కన్న 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి, లేదంటే 45 ముట్టాలె. మనకు మే నెలల 42, 43 మామూలే కాబట్టి 44 ఉన్న రోజు కూడ ఆ లెక్కకు అందకపోవచ్చు, ఇటుక బట్టీ కాడ ఉన్నోనికి మాత్రం తేడా ఏముంటది.

పిడుగుల గురించి ఎవ్వరూ మాట్లాడరు. అదే 2022ల పిడుగులకు పోయినోళ్లు 2,887 మంది, ప్రకృతి వల్ల చనిపోయినోళ్లల్ల మూడింట ఒకవంతు పైన. ఒక్కరు ఇక్కడ, ఇద్దరు అక్కడ, గొర్లకాపరులు, పత్తి ఏరేటోళ్లు, వాన వస్తుందని యాప చెట్టు కిందికి పోయినోళ్లు. నేను రాసిన కేసులల్ల చెట్టు కింద పోయినోళ్లే ఎక్కువ. ఉరుము వినబడ్డదంటే చెట్టు కిందికి పోవద్దు, కరెంటు స్తంభం, బోరు మోటరు దగ్గర ఉండొద్దు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాక పొలంల దిగొద్దు. దామిని అని ఫోన్‌ల యాప్ ఉంది, చుట్టుపక్కల పిడుగు పడే అవకాశముంటే చెప్తది, మీ కూలోళ్లను తీస్కపోయే ముఠా మేస్త్రి ఫోన్‌ల కూడ ఎక్కియ్యి.

పైసల సంగతి. 2022 నుంచి 2026 దాక పెట్టిన విపత్తు నిధి లెక్కన పంట 33 శాతం, ఆపైన పోతేనే సాయం, వానాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, తోటలకు 22,500, అది కూడ రెండు హెక్టార్ల దాకనే. అంటే నీ వానాధార పత్తి ఎకరాకు 3,400 చిల్లర. రాష్ట్రం కొన్నిసార్లు పదివేలు ఇచ్చింది, ఇచ్చినప్పుడు మేలైంది, ప్రతిసారి వస్తదని మాత్రం నమ్మకం పెట్టుకోలేం. 2020ల మన రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది, అప్పటి సంది మా ఊళ్ల ఒక్క రైతుకు పంట బీమా లేదు, ఇది పెద్ద తప్పని నేను ఆ రోజే అన్న, ఇయ్యాల కూడ అంట. ఆ బీమాల లోపాలు నాకు తెల్సు, యూనిట్ పెద్దగ పెట్టి నష్టం తక్కువ చూపించుడు నేను కండ్లార చూసిన, అయినా గొడుగు చిరిగిందని కుట్టుకోవాలె గాని పారేయొద్దు. కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం, మందు కొట్టింది ఆమె, పైసలు పడేది పట్టాదారు ఖాతాల. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాక రాష్ట్రాల విపత్తు నిధులకు 1 లక్షా 60 వేల కోట్లు పెట్టింది, అండ్ల 80 శాతం దెబ్బ తగిలినంక సాయానికి, 20 శాతం దెబ్బ తగలకుంట చూసుకోనీకె. ఆ 20ని పెంచాలె. ఐకేపీ సెంటర్‌కు గచ్చు, రేకుల షెడ్డు, మండలానికొక ఆరబెట్టే మిషిన్ ఉంటే మా పక్క రాశి మొలకెత్తేది కాదు. చెరువుల మాట కూడ అనాలె, మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టింది దబదబ పడ్డ వానను మెల్లగ కిందికి దించనీకె. శిఖం భూములల్ల ప్లాట్లు చేసి, అలుగు కాలువల మీద ఇండ్లు కట్టి, మబ్బును తిడితే ఏం లాభం.

ఇగ నీ ఆరెకరాలు. మొత్తం పత్తి పెట్టుడు బంద్ చెయ్యి. నాలుగెకరాలు పత్తి పెట్టు, అండ్ల కూడ కంది సాళ్లు వెయ్యి, కంది వేరు లోతుకు పోతది, మఖల వరుపొచ్చినా ఓర్చుకుంటది. మిగిలిన రెండెకరాలు జొన్ననో, ఆముదమో, నీళ్లుంటే వేరుశనగనో, ఒకే రోజు వానకు అన్నీ ఒకే దశల దొరకకుంట చూసుకో. తొలి వానకు ఎగబడి విత్తనం పెట్టొద్దు, చెల్కల 50, 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిల 60 నుంచి 75 పడ్డంకనే పెట్టు. 2025ల పత్తి విత్తనం ప్యాకెట్ 901 రూపాయలు, మిరుగం వచ్చిందని పెట్టి మల్ల పెట్టుకున్నోళ్లు మీ ఊళ్లనే ఎంతమంది ఉంటరో అడుగు. నల్లరేగడైతే బోదెలు తోలి పెట్టు, వాలుకు ఒక మురుగు కాలువ తీసి ఉంచు, అది వాన పడ్డంక తీసే పని కాదు. నీళ్లు నిల్చి పత్తి ఎర్రబడితే ముందు నీళ్లు తీసెయ్యి, తర్వాత 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు కొట్టు, మొదళ్లు వాడుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు తడిసేటట్టు పొయ్యి. మబ్బున్నప్పుడు ఏరిన పత్తి సంచులల్ల కుక్కి పెట్టొద్దు, ఇంట్ల పరచు.

పాలెం పరిశోధన కేంద్రం నుంచి మన దక్షిణ తెలంగాణకు మంగళవారం, శుక్రవారం వాతావరణ సలహా వస్తది, ఐదు రోజుల ముందు సంగతి, మీ ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, అడిగి ఆ గ్రూపుల చేరు. మొంథా అప్పుడు రెండు రోజుల ముందే హెచ్చరిక వచ్చింది, వడ్లు కొయ్యకుంట ఆపుకున్నోళ్లు ఉన్నరు, నేను అప్పటికే కోసిన.

ఇంకొకటి, ఇయ్యాలనే మొదలుపెట్టు. ఒక నోట్‌బుక్ కొని ప్రతి వాన తారీఖు, ఎన్ని గంటలు పడ్డది, ఏ చెల్కల ఏమైంది రాసిపెట్టు. నష్టమైతే ఆ రోజే ఫొటో తియ్యి, తారీఖు, జాగ పడే యాప్‌తోటి తియ్యి, సర్వే నంబర్ రాసిన కాగితం చేతుల పట్టుకొని తియ్యి. ఏఈవో వచ్చే దాక పీకేసి దున్నొద్దు, మూడు దినాలల్ల రాకుంటే దరఖాస్తు రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకో, లిస్టుల మీ నాయిన పేరు పక్కన ఎన్ని గుంటలు రాసిన్రో కండ్లతోటి చూసుకో. పక్కన కౌలుకు చేసేటోళ్లు ఉంటే వాళ్లది కూడ నువ్వే ఫొటో తీసిపెట్టు, వాళ్లకు ఆ రోజు కూలికి పోవాల్సి ఉంటది.